అమెరికా వెళ్లే కళాకారులు మృదంగం కన్నా ముందు సర్దుకోవలసిన ఫైలు

వేసవి సెలవులు రాగానే అమెరికాలో కూచిపూడి రంగప్రవేశాలు మొదలవుతాయి. తానా, ఆటా వంటి సంఘాల మహాసభలు కూడా ఎక్కువగా ఆ కాలంలోనే. నట్టువాంగానికి, గాత్రానికి, మృదంగానికి, వయొలిన్‌కు మన దగ్గరి నుంచి మనుషులు కావాలి. పిలుపు మార్చిలో వస్తుంది, కార్యక్రమం జూన్‌లో ఉంటుంది, వీసా సంగతి ఏప్రిల్‌లో గుర్తొస్తుంది. అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది.

నేను ఒక నృత్య బృందానికి చాలా ఏళ్లుగా కాగితాల పని చూస్తున్నాను. ఒకసారి బుర్రకథ చెప్పే పెద్దాయన ఒకరు నా దగ్గరికి వచ్చారు. నలభై ఏళ్లు ఊరూరా కథ చెప్పిన మనిషి. రుజువులు చూపించమంటే సంచిలోంచి రెండు కరపత్రాలు, శాలువా కప్పుతున్న ఫొటో ఒకటి తీశారు. ఫొటో వెనక ఊరు పేరు లేదు, సంవత్సరం లేదు. ఆయన ఆ ఏడాది వెళ్లలేకపోయారు. ఆ సంచి నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. అలా ఇంకెవరికీ జరగకూడదని ఇదంతా రాస్తున్నాను.

ముందు ఏ వీసానో తేల్చుకోండి

మొదటి మాట: విజిటర్ వీసా మీద వెళ్లి స్టేజీ ఎక్కకండి. "డబ్బు తీసుకోవడం లేదు కదా, ఫ్లైట్ టికెట్ మాత్రమే ఇస్తున్నారు, పర్లేదు" అని పిలిచినవాళ్లు చెబుతారు. వృత్తి కళాకారులు ప్రేక్షకుల ముందు ప్రదర్శన ఇవ్వడానికి బీ1/బీ2 వీసా పనికిరాదు, పారితోషికం తీసుకోకపోయినా సరే. మినహాయింపులు చాలా తక్కువ. మన ప్రభుత్వమే ఖర్చులన్నీ భరించి పంపే, టికెట్టు లేని సాంస్కృతిక కార్యక్రమం వాటిలో ఒకటి. ఎయిర్‌పోర్టులో అధికారి ఫోన్ అడిగి, అందులో మీ ఫొటోతో ఉన్న పోస్టర్ చూస్తే అక్కడి నుంచే వెనక్కి పంపించవచ్చు. ఆ మచ్చ తర్వాత వేసే ప్రతి దరఖాస్తు మీదా ఉంటుంది.

మనవాళ్లకు పనికొచ్చే దారులు ముఖ్యంగా మూడు.

పీ-3 అనేది ఒక జాతికి, ప్రాంతానికి, మతానికి, తెగకు లేదా వర్గానికి ప్రత్యేకమైన కళను ప్రదర్శించే, నేర్పే, వివరించే వాళ్ల కోసం పెట్టిన వీసా. ఒక్కొక్కరుగానూ వెళ్లవచ్చు, బృందంగానూ వెళ్లవచ్చు. గరిష్ఠంగా ఏడాది ఇస్తారు, అవసరముంటే ఏడాది చొప్పున పొడిగించుకోవచ్చు.

ఓ-1బీ అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకు. ఒకేసారి మూడేళ్ల వరకు దొరుకుతుంది. పేరున్న సంస్థల ప్రదర్శనల్లో ప్రధాన పాత్ర, జాతీయ స్థాయి పత్రికల్లో సమీక్షలు, నిపుణుల గుర్తింపు, ఎక్కువ పారితోషికం వంటి ఆరు అంశాల్లో కనీసం మూడింటికి రుజువు చూపాలి.

జే-1 పరిశోధకులకు, ఫెలోషిప్ మీద వెళ్లేవాళ్లకు. దాని సంగతి కింద విడిగా చెబుతాను.

చాలామంది పీ-3 కూడా సెలబ్రిటీల వీసాయే అనుకుని వెనక్కి తగ్గుతారు. పీ-3లో మీరు ఎంత ప్రసిద్ధులో అడగరు. మీ కళ ఫలానా సమాజానికి ప్రత్యేకమైనదా, అందులో మీకు నిజమైన పట్టు ఉందా, అక్కడ మీరు చేయబోయేవన్నీ ఆ కళకు సంబంధించిన కార్యక్రమాలేనా, ఈ మూడే చూస్తారు. అంటే పద్మ పురస్కారం లేని ఒగ్గు కథ కళాకారుడు, చిందు యక్షగాన కళాకారిణి, నిమ్మలకుంట తోలుబొమ్మల కుటుంబం కూడా దీనికి అర్హులే. వాళ్ల కోసమే ఈ వీసా పెట్టారేమో అనిపిస్తుంది నాకు.

మీది ఫ్యూజన్ అయినా బెంగ పడనక్కర్లేదు. అర్జెంటీనా లాటిన్ శైలిని యూదుల క్లెజ్మర్ సంగీతంతో కలిపి వాయించే బ్వేనస్ ఐరిస్ బృందం ఒకటుంది. ఆ బృందం విషయంలో 2012లో అమెరికా వలస విభాగపు అప్పీళ్ల కార్యాలయం ఇచ్చిన నిర్ణయం ప్రకారం, రెండు సంప్రదాయాల కలయిక కూడా సాంస్కృతికంగా ప్రత్యేకమైనదే కావచ్చు. అయితే ఆ కలయిక ఏ సమాజంలోంచి ఎలా పుట్టిందో వివరించాల్సిన బాధ్యత మీదే.

పిటిషన్ వేసేది మీరు కాదు

పీ-3కి గానీ ఓ-1కి గానీ మీకు మీరే దరఖాస్తు వేసుకోలేరు. అమెరికాలో ఉన్న సంస్థ, డాన్స్ స్కూల్, తెలుగు సంఘం, గుడి లేదా ఏజెంట్ మీ తరఫున అమెరికా వలస విభాగానికి ఐ-129 అనే ఫారం వేయాలి. నాలుగు ఊళ్లలో నలుగురు పిలిచారనుకోండి, ఒక ఏజెంట్ అందరి తరఫునా ఒకే పిటిషన్ వేయవచ్చు. ఒక్క పిటిషన్‌లో 25 మంది వరకు పేర్లు పెట్టవచ్చు.

పిలిచిన వాళ్లను మొదటి ఫోన్‌లోనే మొహమాటం లేకుండా అడగండి: పిటిషన్ ఎవరు వేస్తారు, లాయర్ ఉన్నారా, ఫీజు ఎవరు కడతారు? 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన లెక్క ప్రకారం పీ పిటిషన్ ఫీజు 1,015 డాలర్లు. చిన్న సంస్థలకు, లాభాపేక్ష లేని సంస్థలకు 510. దీనికి తోడు శరణార్థుల కార్యక్రమం కోసమని మరో 600 డాలర్లు వసూలు చేస్తారు. చిన్న సంస్థకు అది 300, లాభాపేక్ష లేని సంస్థకు సున్నా. అందుకని రిజిస్టరైన సంఘమో గుడో పిటిషన్ వేస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. ఈ ఫీజులు మారుతుంటాయి కాబట్టి కట్టే ముందు వాళ్లను ఒకసారి సరిచూసుకోమనండి.

గడువు సంగతి. కార్యక్రమానికి ఏడాది ముందు నుంచే పిటిషన్ వేయవచ్చు. మామూలు దారిలో నెలల తరబడి పడుతుంది. ప్రీమియం ఫీజు అదనంగా కడితే 15 పనిదినాల్లో ఏదో ఒక జవాబు వస్తుంది. ఆ జవాబు "ఇంకా రుజువులు పంపండి" అని కూడా కావచ్చు. అలా వస్తే మీరు పంపిన రోజు నుంచి లెక్క మళ్లీ మొదలవుతుంది. జూన్‌లో ప్రదర్శన ఉంటే ముందటి దసరాకల్లా ఫైలు మొదలుపెట్టాలని నేను అందరికీ చెబుతాను.

ఫైలు ఇంట్లోనే మొదలవుతుంది

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికి పెట్టండి. పిలుపు రాకపోయినా ఈ రోజే మొదలుపెట్టండి.

ప్రతి కార్యక్రమం నుంచి నాలుగు వస్తువులు ఇంటికి తెచ్చుకోవాలి: కరపత్రం లేదా ఆహ్వాన పత్రిక, బ్యానర్‌తో సహా మీరు కనిపించే ఫొటో, మరుసటి రోజు పేపర్ కటింగ్, నిర్వాహకుల లెటర్‌హెడ్ మీద సంతకంతో ఒక ఉత్తరం. రవీంద్ర భారతి అయినా, తుమ్మలపల్లి కళాక్షేత్రం అయినా, మీ ఊరి అమ్మవారి జాతర అయినా పద్ధతి ఇదే. గుడిలో ప్రదర్శన ఇస్తే ఈవో గారి సంతకంతో ప్రశంసాపత్రం అడగండి, ఇస్తారు. తిరుమల నాద నీరాజనం వేదిక మీద అవకాశం వచ్చి ఉంటే ఆ ఉత్తర్వు కాపీని జాగ్రత్త చేయండి.

పేపర్ కటింగ్ విషయంలో మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. వార్త ముక్క మాత్రమే కత్తిరించి అతికిస్తారు. పత్రిక పేరు, తేదీ, ఎడిషన్ కనిపించకపోతే అది రుజువుగా నిలబడదు. పేజీ మొత్తం స్కాన్ చేయండి. జిల్లా పేజీలో వచ్చిన చిన్న వార్త అయినా సరే పక్కన పెట్టుకోండి, పనికొస్తుంది.

తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ పూర్తి ఇంగ్లిష్ అనువాదం జత చేయాలి. సారాంశం రాస్తే చాలదు. అనువాదం చేసినవాళ్లు "నాకు రెండు భాషలూ వచ్చు, ఇది పూర్తిగా, సరిగ్గా చేసిన అనువాదం" అని రాసి సంతకం పెట్టాలి. నోటరీ అక్కర్లేదు. మీ ఊరి ఇంగ్లిష్ మాస్టారు చేసిపెట్టినా చెల్లుతుంది. దీనికి వేలకు వేలు పోయకండి.

చదువు కాగితాలు కూడా ముఖ్యమే. తెలుగు విశ్వవిద్యాలయం డిప్లొమా, కూచిపూడిలోని సిద్ధేంద్ర యోగి కళాపీఠం సర్టిఫికెట్, ఆకాశవాణి గ్రేడ్ ఉత్తరం, కేంద్ర సాంస్కృతిక శాఖ ఫెలోషిప్ ఉత్తర్వు, ఐసీసీఆర్ (భారత సాంస్కృతిక సంబంధాల మండలి) ప్యానెల్‌లో ఉంటే ఆ ఉత్తరం. గురుముఖంగా నేర్చుకున్నవాళ్ల దగ్గర ఇవేమీ ఉండవు. అప్పుడు గురువు గారి చేత, ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం వరకు నా దగ్గర నేర్చుకున్నారని వివరంగా రాయించుకోండి. గురువులు పెద్దవాళ్లయితే ఈ పని వాయిదా వేయకండి.

నిపుణుల ఉత్తరాలు ఎలా ఉండాలి

పీ-3 ఫైలుకు ప్రాణం ఈ ఉత్తరాలే. మూడు నాలుగు చాలు, కానీ బలంగా ఉండాలి. "చిరంజీవి ఫలానా వారు ఉత్తమ కళాకారులు, వారి భవిష్యత్తు ఉజ్వలంగా ఉండాలని ఆశీర్వదిస్తున్నాను" అని మన పెద్దలు ప్రేమగా రాసిస్తారు. అది ఆశీర్వచనం. అధికారికి కావలసింది సాక్ష్యం.

ఉత్తరంలో ముందుగా రాసేవాళ్లు ఎవరో, ఈ కళ గురించి వాళ్లకు ఎలా తెలుసో ఉండాలి: పదవి, పుస్తకాలు, పురస్కారాలు, అనుభవం. తర్వాత మీరు వాళ్లకు ఎలా తెలుసో ఉండాలి. ఏ ప్రదర్శన చూశారు, ఎక్కడ, ఎప్పుడు? ఆ తర్వాత మీ విద్యలో అసలు విషయం. తరంగంలో పళ్లెం అంచు మీద నిలబడి తాళం ఎలా తప్పకుండా ఆడతారో, భామాకలాపంలో మాధవి పాత్రతో సంవాదాన్ని పాత పద్ధతిలో ఎలా నిలబెడుతున్నారో, అలాంటి నిర్దిష్టమైన వివరాలు. చివర్లో ఇది ఏ ప్రాంతపు ఏ సంప్రదాయమో, మీరు చేసేది దాని అసలు రూపమేనని స్పష్టంగా చెప్పాలి. రాసిన వాళ్ల బయోడేటా వెనక జత చేయండి. విశ్వవిద్యాలయ ఆచార్యులు ఒకరు, పేరున్న గురువు ఒకరు, పరిశోధకులు ఒకరు ఉంటే బాగుంటుంది. ఒకే వాక్యాలు ముగ్గురి ఉత్తరాల్లో కనిపిస్తే మూడూ చెడతాయి.

ఫైలు చూసే అధికారి బుర్రకథ పేరు జీవితంలో విని ఉండరు. అందుకని కళ గురించి ఒకటిన్నర పేజీ పరిచయం రాసి ముందు పెట్టండి. ఆ పెద్దాయనది రెండో ఏడాది వేసినప్పుడు మేము ఇందులో వంతల గురించే ఒక పేరా రాశాం. మధ్యలో తంబురతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు, ఒకరు హాస్యం, ఒకరు వర్తమాన రాజకీయం. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా కథ నడవదు. అది రాయకపోతే "ఒక్కరు చాలు కదా, మిగతా ఇద్దరు ఎందుకు" అనే ప్రశ్న వస్తుంది. వంతలు కళాకారులే, సహాయకులు కారు. మేకప్, లైటింగ్ చూసేవాళ్లకు మాత్రం సహాయక సిబ్బందిగా విడిగా పిటిషన్ వేయాలి.

మిగతా జతపత్రాలు

కార్యక్రమాల పట్టిక కావాలి: తేదీ, ఊరు, హాలు, నిర్వాహకులు, ఏం ప్రదర్శిస్తారు. ఒప్పందం కాపీ కావాలి. నోటిమాటతో కుదిరినదైతే దాని సారాంశం రాసి పెట్టవచ్చు. ఒప్పందంలో తిరుగు టికెట్ సంగతి తప్పకుండా రాయించుకోండి. మిమ్మల్ని పిలిచినవాళ్లు మధ్యలో వద్దంటే, ఇంటికి పంపే ఖర్చు వాళ్లే భరించాలని చట్టమే చెబుతోంది.

ఇంకొకటి, అక్కడి కళాకారుల యూనియన్ ఇచ్చే అభిప్రాయ పత్రం. వాద్యకారులకు అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ మ్యుజీషియన్స్, నర్తకులకు అమెరికన్ గిల్డ్ ఆఫ్ మ్యూజికల్ ఆర్టిస్ట్స్. ఈ పని పిటిషన్ వేసేవాళ్లు చూసుకుంటారు, మీరు గుర్తు చేస్తే చాలు.

పాస్‌పోర్టులో పేరు, కరపత్రంలో పేరు

తెలుగువాళ్లకు మాత్రమే తెలిసిన తలనొప్పి ఇది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, కరపత్రంలో ఒక్క అక్షరం ఉంటుంది, పేపర్లో "చిన్ని మాస్టారు" అని ఉంటుంది. ముగ్గురూ ఒక్కరేనని ఎవరు నమ్మాలి? ఈ పేర్లన్నీ నావే అని అఫిడవిట్ ఒకటి తయారుచేసి ఫైల్లో పెట్టండి. ఇకపై నిర్వాహకులకు పేరు ఇచ్చేటప్పుడు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు, సొంత పేరు విడివిడి గడుల్లో లేకుండా అన్నీ ఒకే గడిలో ఉంటే, వీసా మీద మొదటి పేరు చోట "ఎఫ్ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. దాంతో వీసా ఆగదు గానీ తర్వాత ప్రతి చోటా వివరించుకోవాలి. తీరిక ఉన్నప్పుడే పాస్‌పోర్టు సరిచేయించుకోండి.

పదో తరగతి పాస్ కాని కళాకారుల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (విదేశీ ఉద్యోగానికి ముందు ప్రభుత్వ అనుమతి అవసరం) అని ఉంటుంది. దాన్ని చూసి విదేశం వెళ్లనివ్వరని భయపడేవాళ్లను చాలామందిని చూశాను. ఆ నిబంధన ఉద్యోగానికి వెళ్లే 18 దేశాలకే. అమెరికా అందులో లేదు.

ఇంటర్వ్యూ

పిటిషన్ ఆమోదం పొందితే ఐ-797 అనే నోటీసు వస్తుంది. దాని నంబరుతో డీఎస్-160 ఫారం ఆన్‌లైన్‌లో నింపి, ఒక్కొక్కరికి 205 డాలర్ల వీసా ఫీజు కట్టాలి. అపాయింట్‌మెంట్లు రెండు. ఫొటో, వేలిముద్రలకు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో ఉన్న కేంద్రానికి వెళ్లాలి. ఇంటర్వ్యూకు నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌కు. 2023 నుంచి కాన్సులేట్ అక్కడే ఉంది, బేగంపేట పైగా ప్యాలెస్‌కు వెళ్లకండి.

ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాలే ఉంటుంది. ఎవరు పిలిచారు, ఏ ఊళ్లలో కార్యక్రమాలు, ఎన్నేళ్లుగా చేస్తున్నారు, తిరిగి ఎప్పుడు వస్తారు, ఇవే ప్రశ్నలు. పీ-3లో తిరిగొస్తారన్న నమ్మకం కలగాలి. ఇక్కడ ఉన్న ఇల్లు, పొలం, కుటుంబం, మీ దగ్గర నేర్చుకుంటున్న శిష్యులు, వచ్చే నెలలో ఒప్పుకున్న కార్యక్రమం, ఏది ఉంటే అది నిజం చెప్పండి. బృందంలో అందరికీ కార్యక్రమాల పట్టిక నోటికి రావాలి. నాయకుడికి తెలిసి వంతలకు తెలియకపోతే అనుమానం వస్తుంది. ఇంగ్లిష్ రాదని టెన్షన్ పడకండి, తెలుగులో మాట్లాడతానని మొదటే చెప్పండి. వాయించి చూపించమని, రెండు పాదాలు పాడమని అడిగిన సందర్భాలు కూడా మా బృందంలో ఉన్నాయి. అప్పుడు కళాకారుల మొహంలో భయం పోయి వెలుగు రావడం నేను చూశాను.

పరిశోధకులకు

అమెరికా గ్రంథాలయాల్లో మన పుస్తకాలు చాలా ఉన్నాయి. 1962 నుంచి పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయం పథకం కింద భారతీయ భాషల పుస్తకాలను అక్కడి పెద్ద గ్రంథాలయాల కోసం సేకరించారు. ఇక్కడ దొరకని తెలుగు పత్రికల పాత సంచికలు షికాగో విశ్వవిద్యాలయంలోనో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోనో దొరకవచ్చు. ముందుగా ఆన్‌లైన్ కేటలాగ్ చూసి, ఏమేం చూడాలో జాబితా రాసుకోండి. ఫెలోషిప్ దరఖాస్తులో "అక్కడికే ఎందుకు వెళ్లాలి" అనే ప్రశ్నకు ఆ జాబితాయే జవాబు.

ఇక్కడి విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ మంచి దారి. 6 నుంచి 9 నెలలు ఉండవచ్చు. దీన్ని నడిపే యూఎస్‌ఐఈఎఫ్‌కు హైదరాబాద్‌లోనూ కార్యాలయం ఉంది. అక్కడి ఆచార్యులు ఒకరు రమ్మని ఉత్తరం ఇవ్వాలి. వాళ్లకు రాసేటప్పుడు మీ పని గురించి రెండు పేరాలకు మించకండి. ఎంపికైతే డీఎస్-2019 అనే పత్రం వస్తుంది, దానితో జే-1కి వెళ్లాలి. సొంతంగా విశ్వవిద్యాలయం పిలుపు మీద వెళ్లేవాళ్లు సెవిస్ (విదేశీ విద్యార్థులు, పరిశోధకుల వివరాల నమోదు) ఫీజు 220 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు కట్టుకోవాలి. ఫుల్‌బ్రైట్ వాళ్లకు ఆ బాధ లేదు.

ఒక షరతు మాత్రం తెలుసుకుని సంతకం పెట్టండి. ప్రభుత్వ నిధులతో జే-1 మీద వెళ్లినవాళ్లు తిరిగొచ్చి మొత్తం రెండేళ్లు ఇక్కడ ఉంటే తప్ప హెచ్-1బీ, ఎల్ వీసాలు గానీ గ్రీన్ కార్డు గానీ తీసుకోలేరు. అమెరికాలో ఉన్నవాళ్లతో పెళ్లి కుదిరిన అమ్మాయిలు, అబ్బాయిలు ఇది తెలియక ఇబ్బంది పడ్డారు.

బయల్దేరే ముందు, దిగిన తర్వాత

పాత వీణల మీద దంతపు పని, జింక కొమ్ము పని ఉంటుంది. ఏనుగు దంతం ఉన్న వీణను సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. తాతగారి వీణ ఇంట్లో పెట్టి, ప్లాస్టిక్ పని ఉన్న బొబ్బిలి వీణ తీసుకెళ్లండి. చర్మ వాద్యాలు, తోలుబొమ్మలు పట్టుకెళ్లేటప్పుడు కస్టమ్స్ ఫారంలో దాచకుండా రాయండి. ఏ జంతువు చర్మమో ఇంగ్లిష్‌లో చెప్పగలగాలి.

దిగగానే ఆన్‌లైన్‌లో ఐ-94 అనే రాక నమోదు పత్రం తీసి చూడండి. వీసా మీద ఉన్న తేదీ కాదు, అందులో ఉన్న తేదీ వరకే మీరు ఉండవచ్చు. తప్పు పడితే వెంటనే సరిచేయించుకోవాలి. అదే సంస్థ అలాంటివే ఇంకో రెండు కార్యక్రమాలు కలిపితే కొత్త పిటిషన్ అక్కర్లేదు. వేరే సంఘం వాళ్లు పిలిస్తే మాత్రం వాళ్లు విడిగా వేయాలి. వెంట వెళ్లిన భార్య లేదా భర్త, పిల్లలు చదువుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు.

పారితోషికంలో 30 శాతం పన్ను పట్టుకునే ఇస్తారు. ఇది తెలియక "ఒప్పుకున్నంత ఇవ్వలేదు" అని గొడవపడిన వాళ్లున్నారు. ఒప్పందం రోజునే పన్ను పోను చేతికి ఎంత వస్తుందో డాలర్లలో రాయించుకోండి. భారత్, అమెరికా పన్ను ఒప్పందం ప్రకారం ఆ ఏడాది కళాకారుడి నికర ఆదాయం 1,500 డాలర్లు దాటకపోతే అక్కడ పన్ను పడదు. ఎక్కువ పట్టుకుని ఉంటే తర్వాతి ఏడాది 1040-ఎన్ఆర్ ఫారంతో రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. అందుకు ఎంత పన్ను పట్టుకున్నారో చూపే, సంస్థ ఇచ్చే 1042-ఎస్ పత్రం కావాలి. సంవత్సరం తిరిగాక అది మీ ఇంటికి పంపేలా, ఊళ్లోని చిరునామా పిన్‌కోడ్‌తో సహా వాళ్ల దగ్గర రాసి ఇచ్చి మరీ విమానం ఎక్కండి.